ఫ్రాంకెన్‌స్టైన్ చూశాను, భయం వేయలేదు. మరి రెండు రోజులైనా ఎందుకు వదలడం లేదు?

చైతన్య_కాకినాడ
శుక్రవారం, రాత్రి 11:52

అందరికీ నమస్కారం. చాలా కాలంగా ఇక్కడ చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదటిసారి.

మొన్న బుధవారం రాత్రి 1931 నాటి 'ఫ్రాంకెన్‌స్టైన్' చూశాను. గంటా పది నిమిషాల బొమ్మ. లైట్లు ఆపేసి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, భయపడటానికి సిద్ధంగా కూర్చున్నాను. ఒక్కచోట కూడా ఉలిక్కిపడలేదు. అయిపోయాక 'ఇంతేనా' అనుకుని పడుకున్నాను.

కానీ నిద్ర పట్టలేదు. అందులో ఒక సీను ఉంది. చీకటి గదిలో కూర్చున్న ఆ జీవి నెత్తి మీద, శవాల ముక్కలు కలిపి దానికి ప్రాణం పోసిన డాక్టరు పైకప్పు తలుపు తీస్తాడు. వెలుగు ముఖం మీద పడుతుంది. పుట్టాక మొదటిసారి చూస్తున్న వెలుగు. మెల్లగా తలెత్తుతాడు, లేచి నిలబడతాడు, రెండు చేతులూ పైకి చాపి ఆ వెలుగును పట్టుకోబోతాడు. అంతలో తలుపు మూసేస్తారు. అప్పుడు ఆ చేతులు డాక్టరు వైపు చాస్తాడు. ఇంకొంచెం పెట్టమని అడుగుతున్న చిన్నపిల్లాడిలా. మాట రాదు కదా, చేతులే మాట్లాడతాయి.

భయం సినిమా చూసి ఇలా అయిందేమిటి? నేను సరిగ్గా చూడలేదా? పెద్దవాళ్ళు చెప్పండి. తర్వాత ఏం చూడాలి?

---

సెకండ్ షో
శనివారం, ఉదయం 6:10

చైతన్యా, సరిగ్గానే చూశావు నాయనా. నలభై ఏళ్ళ కిందట నేనూ ఆ సీను దగ్గరే ఆగిపోయాను. మా ఊళ్ళో ఫిల్మ్ సొసైటీ వాళ్ళు స్కూలు హాల్లో 16 ఎం.ఎం. ప్రొజెక్టర్ పెట్టి వేశారు. గోడకి తెల్ల దుప్పటి. మధ్యలో రెండుసార్లు రీలు తెగింది. అయినా ఆ చేతులు మాత్రం ఇప్పటికీ కళ్ళముందే ఉన్నాయి.

ఆ పాత్ర మొదటిసారి తెర మీదికి ఎలా వస్తాడో మళ్ళీ ఒకసారి చూడు. ముందు అడుగుల చప్పుడు. తలుపు తెరుచుకుంటుంది. వెనక్కి నడుస్తూ వస్తాడు, మనకు వీపే కనిపిస్తుంది. నెమ్మదిగా ఇటు తిరుగుతాడు. తిరిగాక కెమెరా జరగదు, వరుసగా కట్ చేసి ఇంకా దగ్గరికి, ఇంకా దగ్గరికి తీసుకెళ్ళి ఆ ముఖం ముందు నిలబెడతాడు దర్శకుడు జేమ్స్ వేల్. ఆర్ఆర్ (నేపథ్య సంగీతం) లేదు. ఏ మ్యూజిక్కూ లేకుండా ఒక ముఖాన్ని అలా చూపించాలంటే ఆ ముఖం మీద ఎంత నమ్మకం ఉండాలి!

వేసినాయన బోరిస్ కార్లాఫ్. అప్పటికి వయసు నలభై మూడు. ఏళ్ళ తరబడి చిన్నాచితకా వేషాలు వేసుకుంటూ, మధ్యలో లారీ తోలి పొట్టపోసుకున్న మనిషి. మొదట్లో టైటిల్స్‌లో ఆయన పేరు ఉండాల్సిన చోట ప్రశ్నార్థకం గుర్తు వేశారు, గమనించావా? అసలు పేరు విలియం హెన్రీ ప్రాట్. పుట్టింది లండన్‌లోనే గానీ తండ్రి మన దేశంలో బ్రిటిష్ వాళ్ళ ఉప్పు పన్ను శాఖలో పనిచేశాడు. వంశంలో భారతీయ మూలాలున్నాయి.

తర్వాత 'బ్రైడ్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్' (1935) చూడు. దాని గురించి ఇప్పుడే ఏమీ చెప్పను.

---

నల్లపూస
శనివారం, ఉదయం 9:35

నేను నాటకాలకు మేకప్ చేస్తాను. పరిషత్తు నాటకాలు, స్కూలు వార్షికోత్సవాలు, ఏవైనా. ఇరవై రెండేళ్ళ అనుభవం. కాబట్టి ఆ ముఖం గురించి నేను రాయాలి.

చేసింది జాక్ పియర్స్. ఇప్పట్లా రబ్బరు మాస్కు పోతపోసి అతికించడం కాదు. దూది, కొలోడియన్ (ఆరితే పొరలా గట్టిపడే ద్రవం), స్పిరిట్ గమ్ (మేకప్ జిగురు). దూది పొర వేయడం, దాని మీద కొలోడియన్ పూయడం, ఆరనివ్వడం, మళ్ళీ పొర. ఆ బల్లపరుపు నుదురంతా అలా కట్టిందే. రోజూ దాదాపు నాలుగు గంటలు. రాత్రి తీసేయడం, పొద్దున్నే మళ్ళీ మొదట్నించి కట్టడం. కొలోడియన్ ఆరేటప్పుడు చర్మాన్ని ఎలా లాగుతుందో ఒక్కసారి చెంప మీద పూసుకున్నవాళ్ళకి తెలుస్తుంది. తీసేటప్పుడు స్పిరిట్ వాసనకి కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. కార్లాఫ్ అది సినిమా అంతా భరించాడు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైంది కనురెప్పలు. ముందు మామూలుగా ఉంచి చూస్తే కళ్ళు మరీ తెలివిగా, అన్నీ అర్థమైనట్టు ఉన్నాయని కార్లాఫే అన్నాడట. అప్పుడు రెప్పల మీద మైనం పెట్టి బరువుగా కిందికి దించారు. చైతన్య గారూ, ఆ వెలుగు సీనులో అతను అప్పుడే నిద్ర లేచిన పసివాడిలా కనిపించడానికి సగం కారణం ఆ మైనమే. ఇంకోటి చూడండి. కుడి చెంప లోపలికి పీక్కుపోయి ఉంటుంది. అక్కడ కార్లాఫ్‌కి కట్టుడు పళ్ళుండేవి, అవి తీసేసి నటించాడు.

వేషం నటుణ్ణి మింగేయకూడదని మా గురువుగారు అనేవారు. ఎంత దూది పెట్టినా లోపల ముఖం కదలాలి. పియర్స్ పనిలో కార్లాఫ్ నోరు, చెంపలు, కళ్ళు పూర్తిగా స్వేచ్ఛగా ఉంటాయి. అదీ గొప్పతనం.

---

కార్తీక్_హైదరాబాద్
శనివారం, ఉదయం 10:20

నా అభిప్రాయం కొంచెం వేరు. గౌరవం ఉంది, కాదనను. కానీ 'డ్రాక్యులా' (1931) చూస్తే సగంలో నిద్ర ముంచుకొచ్చింది. మ్యూజిక్ లేదు, అంతా హాల్లో నిలబడి మాట్లాడుకోవడమే. ఇవాళ్టి సౌండ్ డిజైన్‌కి అలవాటుపడ్డ చెవులకి ఇవి ఎలా ఎక్కుతాయి? 'చరిత్ర' కాబట్టి చూడాలంటే చూస్తాను. భయం కోసం అంటే నాకు కుదరలేదు.

---

సెకండ్ షో
శనివారం, ఉదయం 11:05

కార్తీక్, నీ మాటలో నిజం ఉంది. 'డ్రాక్యులా' కోటలో ఉన్నంతసేపూ అద్భుతం, లండన్ వచ్చాక నాటకంలా అయిపోతుంది. బ్రాడ్వే నాటకం నుంచి వచ్చింది కాబట్టి ఆ వాసన పోలేదు. నేనెప్పుడూ మొదటి ఇరవై నిమిషాల కోసమే పెట్టుకుంటాను. కెమెరామన్ కార్ల్ ఫ్రాయిండ్. జర్మనీలో ఆరితేరి వచ్చినవాడు.

కానీ మ్యూజిక్ లేకపోవడం లోపమంటే ఒప్పుకోను. టైటిల్స్ మీద చైకోవ్‌స్కీ 'స్వాన్ లేక్' ముక్క, కథలో కచేరీ సీను, అంతకుమించి దాదాపు ఏమీ లేదు. మాటల సినిమా వచ్చి అప్పటికి నాలుగేళ్ళే. ఒక రాత్రి ఫ్యాన్ కూడా ఆపేసి చూడు. ఆ మెట్ల మీద డ్రాక్యులా వేషం వేసిన లుగోసీ 'ఐ యామ్... డ్రాక్యులా' అంటాడే, ఆ రెండు ముక్కల మధ్య ఖాళీ వినబడుతుంది. ఆయన మాతృభాష హంగేరియన్. పలుకులో పదానికీ పదానికీ మధ్య వచ్చే ఆ ఆగడం ఎక్కడో వేరే లోకం నుంచి వచ్చినవాడి మాటలా ఉంటుంది.

ఇంకో సంగతి. అదే సెట్లలో, పగలు ఇంగ్లీషు వాళ్ళు తీసి వెళ్ళాక, రాత్రిళ్ళు వేరే నటులతో స్పానిష్ డ్రాక్యులా తీశారు. దర్శకుడు జార్జ్ మెల్ఫోర్డ్. ఇంగ్లీషు దానికన్నా దాదాపు అరగంట ఎక్కువ నిడివి. పగటి టీమ్ తీసింది చూసుకుని, దానికన్నా బాగా తీయాలని పంతం పట్టారు. కెమెరా కదలికల్లో స్పానిష్‌దే పైచేయి. లుగోసీ మాత్రం ఇంగ్లీషు దాంట్లోనే ఉన్నాడు. నీకు నిద్ర రాకుండా ఉండాలంటే ముందు స్పానిష్‌ది చూడు.

---

స్టూడియో రాజా
శనివారం, మధ్యాహ్నం 2:40

ఆలస్యంగా వచ్చాను, షాపులో పాస్‌పోర్ట్ ఫోటోల రద్దీ.

నాది ముప్పై ఐదేళ్ళ ఫోటో స్టూడియో. డార్క్‌రూమ్‌లో ఎర్ర బల్బు కింద చేతులు తడుపుకున్న రోజుల నుంచి ఉన్నాను. అందరూ అనే మాట ఒకటి నాకు బాధగా ఉంటుంది. 'పాపం, అప్పట్లో రంగు లేదు కదా' అని. రంగు లేకపోవడం కొరత కాదు. అది వాళ్ళ చేతిలో పనిముట్టు. ఋజువు చూపిస్తాను.

1931 లోనే వచ్చిన 'డాక్టర్ జెకిల్ అండ్ మిస్టర్ హైడ్'. దర్శకుడు రూబెన్ మమూలియన్, కెమెరా కార్ల్ స్ట్రస్. ఫ్రెడ్రిక్ మార్చ్ మందు తాగుతాడు, ముఖం మారుతుంది. కట్ లేదు, ఒక బొమ్మ మీద ఇంకో బొమ్మ కరిగిపోయే డిజాల్వ్ లేదు. ఒకే షాట్‌లో, మన కళ్ళెదుటే చెంపలు నల్లబడి, కళ్ళ కింద గుంటలు పడి, ముడతలు పుట్టుకొస్తాయి. ఎలా చేశారో చాలా ఏళ్ళు దర్శకుడు బయటపెట్టలేదు.

కిటుకు ఇది. నటుడి ముఖం మీద ముడతలు, నీడలు ఎర్ర రంగుతో ముందే గీసి ఉంచారు. లెన్స్ ముందు ఎర్ర ఫిల్టర్ పెడితే ఆ ఎరుపు మామూలు చర్మంలో కలిసిపోతుంది, నెగెటివ్ మీద ఏమీ పడదు. కెమెరా తిరుగుతుండగానే మెల్లగా ఎర్ర ఫిల్టర్ జరిపి, దానికి విరుద్ధమైన రంగు ఫిల్టర్ తెస్తే అవే గీతలు నల్లగా పైకి తేలతాయి. ముఖం మీద ఎవరూ చెయ్యి వేయలేదు. మారింది వెలుగు మాత్రమే. స్ట్రస్ ఇదే విద్యను 1925 'బెన్‌హర్'లో తలకిందులుగా వాడాడు. అక్కడ కుష్ఠు మచ్చలు చూస్తుండగానే మాయమవుతాయి.

కలర్ ఫిల్మ్ మీద ఇది చేస్తే తెర మొత్తం ఎర్రగా, తర్వాత ఆకుపచ్చగా కనిపించి గుట్టు రట్టవుతుంది. బ్లాక్ అండ్ వైట్‌లోనే కుదిరే మాయ. మార్చ్‌కి ఆ వేషానికి ఆస్కార్ కూడా వచ్చింది.

ఇంట్లో చేసి చూడొచ్చు. తెల్ల కాగితం మీద నల్ల పెన్సిల్‌తో ఒక ముఖం గీయండి. దాని మీద ఎర్ర స్కెచ్ పెన్నుతో ముడతలు, కోరలు వేయండి. బొకేలకు చుట్టే ఎర్ర జిలేటిన్ కాగితం ఫోన్ కెమెరాకి అడ్డం పెట్టి, కెమెరాని మోనోక్రోమ్‌లో ఉంచి చూడండి. తర్వాత ఆకుపచ్చ కాగితం పెట్టండి.

---

నల్లపూస
శనివారం, సాయంత్రం 5:15

రాజా గారూ, ఇప్పుడే చేశాం! మా అమ్మాయి ఎనిమిదో తరగతి. దాని చెంప మీదే ఎర్ర లైనర్‌తో ముడతలు గీశాను. ఎర్ర కాగితం ఒక పొర వేస్తే గీతలు సన్నగా కనిపించాయి, రెండు మడతలు వేశాక పూర్తిగా మాయం. ఆకుపచ్చ కాగితం పెట్టగానే దాని ముఖంలో అరవై ఏళ్ళ ముసలమ్మ వచ్చి కూర్చుంది. ఎలా చేశానో దానికి తెలుసు. అయినా ఫోన్‌లో తన ముఖం చూసుకుని ఒక్క అడుగు వెనక్కి వేసింది.

ఇన్నేళ్ళు మేకప్ చేస్తున్నా ఇది నాకు తెలియదు. ఎర్ర కాగితం నుంచి ఆకుపచ్చకి ఒకే ఊపులో జరపడం మాత్రం కష్టం. చెయ్యి వణికితే మధ్యలో తెల్ల వెలుగు మెరుస్తుంది. ఆ కెమెరామన్ ఎంత నెమ్మదిగా జరిపాడో!

---

స్టూడియో రాజా
శనివారం, సాయంత్రం 5:40

నల్లపూస గారూ, రెండు కాగితాలూ అంచు అంచు కలిపి సన్నగా అతికించి ఒకే పట్టీలా చేయండి. అప్పుడు మధ్యలో వెలుగు రాదు. అమ్మాయికి నా అభినందనలు.

---

కార్తీక్_హైదరాబాద్
శనివారం, రాత్రి 8:30

సరే, నేనూ చేసి చూశాను. నోరు తెరిచానంటే నమ్మండి. రూమ్మేట్స్ అందరూ గుమిగూడారు.

ఒక ప్రశ్న అడుగుతాను, కోప్పడకండి. ఫ్రాంకెన్‌స్టైన్ క్లిప్పులకి రంగులు వేసి ఎవరో నెట్‌లో పెట్టారు. జీవి ముఖం ఆకుపచ్చగా ఉంది. చూడ్డానికి బాగానే ఉంది కదా? మన 'మాయాబజార్'కి రంగులు వేసి 2010లో విడుదల చేస్తే మా ఇంటిల్లిపాదీ హాలుకెళ్ళి చూశాం. అది తప్పు కానప్పుడు ఇదెందుకు తప్పు?

---

స్టూడియో రాజా
శనివారం, రాత్రి 9:25

కోపమెందుకు బాబూ, మంచి ప్రశ్న. రంగుల మాయాబజార్ నేనూ చూశాను. పెళ్ళి విందు, నగలు, పట్టు బట్టలు, అక్కడ రంగు పండగలా ఉంది. కానీ 'లాహిరి లాహిరి' పాట దగ్గర నాకు మనసొప్పలేదు. ఆ వెన్నెలని కెమెరామన్ మార్కస్ బార్ట్‌లీ నలుపు తెలుపుల మధ్య ఉన్న బూడిద రంగు మెట్లతో సృష్టించాడు. నీటి మీద వెండి అది. దాని మీద నీలం పూస్తే నీలమే కనిపిస్తుంది, వెన్నెల పోతుంది.

ఫ్రాంకెన్‌స్టైన్ సంగతి ఇంకా స్పష్టం. కార్లాఫ్ ముఖానికి నిజంగానే ఆకుపచ్చ, బూడిద కలిసిన రంగు పూశారు. అది ఆకుపచ్చగా కనిపించడానికి కాదు. ఆ ఫిల్మ్ మీద అది రక్తం లేని శవం పాలిపోయినట్టు పడుతుందని. తుది రంగు తెర మీద పుట్టాలి. మేకప్ గదిలో ఉన్న రంగుని తెచ్చి తెర మీద పూస్తే వాళ్ళ లెక్కంతా తప్పుతుంది.

అంతకుముందు మూకీల రోజుల్లో వాడిన ఆర్థోక్రొమాటిక్ ఫిల్మ్‌కి ఎరుపు కనిపించేదే కాదు. పెదాలు నల్లగా పడేవి. అందుకే పాత మూకీల్లో ముఖాలు అలా ఉంటాయి. ఏ రంగు ఏ బూడిదగా మారుతుందో కంఠతా వచ్చినవాళ్ళ పని ఇదంతా.

---

పద్మజ_ఫ్లోరిడా
ఆదివారం, ఉదయం 7:50

చదువుతుంటే ఆగలేక రాస్తున్నాను. 'క్రీచర్ ఫ్రమ్ ది బ్లాక్ లగూన్' (1954) నీటి అడుగు సీన్లు చాలావరకు మా ఫ్లోరిడాలోని వకుల్లా స్ప్రింగ్స్‌లో తీశారు. మా ఇంటి నుంచి రెండు గంటల ప్రయాణం. పోయినేడు పిల్లలతో వెళ్ళాం. సైప్రస్ చెట్ల నుంచి నాచు జడల్లా వేలాడుతుంటుంది, ఒడ్డున మొసళ్ళు ఎండ కాగుతుంటాయి. పడవలో కూర్చుని నీళ్ళలోకి చూస్తుంటే నాకు ఆ ఒక్క సీనే గుర్తొచ్చింది. పైన హీరోయిన్ ఈత కొడుతుంటుంది. ఆమెకి తెలియకుండా, ఆమె కిందే, వెల్లకిలా తిరిగి, అదే వేగంతో ఆ జీవి ఈదుతుంటాడు. తాకడు. ఒకసారి పాదం దాకా చెయ్యి చాచి వెనక్కి తీసుకుంటాడు.

నీళ్ళలో వేషం వేసింది రికూ బ్రౌనింగ్, నేల మీద బెన్ చాప్‌మన్. వేషంలో ఆక్సిజన్ సిలిండర్ పెట్టే చోటు లేదు. బ్రౌనింగ్ ఊపిరి బిగబట్టి, నిమిషాల తరబడి ఈది, షాట్ అయ్యాక గొట్టంతో గాలి పీల్చుకునేవాడు. బుడగలు రావు కాబట్టే నిజంగా నీటి జీవిలా ఉంటాడు.

ఆ రూపాన్ని గీసింది మిలిసెంట్ ప్యాట్రిక్ అనే ఆవిడ. దశాబ్దాల పాటు ఆ పేరు దక్కనివ్వలేదు. మేకప్ శాఖ పెద్ద ఆ ఘనత తనదే అన్నాడు. ఈ సినిమా ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఆవిడ పేరు చెప్పడం నేను నియమంగా పెట్టుకున్నాను.

---

చైతన్య_కాకినాడ
ఆదివారం, ఉదయం 11:30

నేను ఒక ప్రశ్న వేస్తే ఇంత వస్తుందనుకోలేదు. అందరికీ ధన్యవాదాలు. రాత్రి 'బ్రైడ్' చూశాను. గుడ్డి తాత సీను.

సెకండ్ షో గారూ, మీరు ఎందుకు చెప్పలేదో అర్థమైంది. అడవిలో గుడిసె, వయొలిన్ వాయించుకుంటున్న గుడ్డి ముసలాయన. కళ్ళు లేవు కాబట్టి ఆ ముఖం చూసి భయపడలేదు. రొట్టె పెట్టాడు, 'స్నేహం' అనే మాట నేర్పాడు. పక్క మీద పడుకోబెట్టి, తోడు పంపినందుకు దేవుడికి దండం పెట్టుకుంటుంటే, ఈ జీవి కంటి నుంచి ఒక్క చుక్క చెంప మీదికి జారుతుంది. తర్వాత చూపున్న ఇద్దరు వేటగాళ్ళు వచ్చి మొత్తం పాడుచేస్తారు.

వీళ్ళందరూ ఇంత ఒంటరివాళ్ళెందుకు?

---

సెకండ్ షో
ఆదివారం, మధ్యాహ్నం 12:45

తీసినవాళ్ళు ఎవరో చూస్తే కొంత తెలుస్తుంది. వీటిలో చాలావాటిని తీసిన యూనివర్సల్ స్టూడియోని స్థాపించిన కార్ల్ లెమ్లీ జర్మనీ నుంచి వలస వచ్చిన యూదుడు. 1930లలో హిట్లర్ పాలన నుంచి వందలమందిని అమెరికా రప్పించడానికి హామీ పత్రాలు రాసిచ్చాడు. జేమ్స్ వేల్ మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడి, జర్మన్ల చేతికి చిక్కి ఖైదీల శిబిరంలో గడిపాడు. 'ది వుల్ఫ్ మ్యాన్' (1941) రాసిన కర్ట్ సియోడ్మాక్ నాజీల వల్ల దేశం విడిచిన యూదుడు. అందులో తోడేలుగా మారేవాడికి తను చంపబోయే మనిషి అరచేతిలో నక్షత్రం గుర్తు కనిపిస్తుంది. నక్షత్రం గుర్తు పడితే చావు! నాజీలు యూదుల మీద ముద్రగా వేసిన నక్షత్రం గుర్తుకు రావడం లేదా? అందులోని తోడేలు పద్యం ఏదో పాత జానపదం అనుకుంటారు గానీ అదీ ఆయన సొంతంగా రాసిందే.

గుంపు కాగడాలు పట్టుకుని తరమడం అంటే ఏమిటో తెలిసినవాళ్ళు తీశారు. అందుకే గుంపు పక్కన కాకుండా, పారిపోతున్నవాడి పక్కన కెమెరా పెట్టారు.

ఆ గాలి మన దేశానికీ వచ్చింది. 1949 నాటి హిందీ 'మహల్' చూడండి. పాడుబడ్డ బంగళా, ఉయ్యాల మీద ఊగే అమ్మాయి, 'ఆయేగా ఆనేవాలా'. దానికి కెమెరా పట్టింది జోసెఫ్ వీర్షింగ్, మ్యూనిక్ మనిషి. బాంబే టాకీస్‌లో పనిచేస్తూ ఇక్కడే ఉండిపోయాడు, రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ అని బ్రిటిష్ వాళ్ళు నిర్బంధించారు కూడా. మనం 'హిందీ దెయ్యం పాట' అనుకునే ఆ నీడల్లో జర్మన్ మూకీల చెయ్యి ఉంది.

---

కార్తీక్_హైదరాబాద్
ఆదివారం, మధ్యాహ్నం 3:10

ఇదంతా మనసుకి తాకుతోంది, ఒప్పుకుంటాను. కానీ నా మొదటి ప్రశ్న అలాగే ఉంది. వీటిలో నిజంగా వెన్నులో చలి పుట్టించేది ఒక్కటి చెప్పండి. ఒక్కటి చాలు.

---

నల్లపూస
ఆదివారం, మధ్యాహ్నం 3:45

తమ్ముడూ, 'క్యాట్ పీపుల్' (1942). చిన్న బడ్జెట్ సినిమా. నిర్మాత వాల్ ల్యూటన్, దర్శకుడు జాక్ టూర్నర్. రాత్రి ఒకమ్మాయి పార్కు గోడ పక్కన ఒంటరిగా నడుస్తుంటుంది. వెనక ఇంకొకరి హీల్స్ చప్పుడు. టక్ టక్ టక్. ఒక దీపస్తంభం వెలుగులోంచి చీకట్లోకి, మళ్ళీ వెలుగులోకి. ఉన్నట్టుండి వెనక చప్పుడు ఆగిపోతుంది. ఎందుకు ఆగింది? తర్వాతిది నువ్వే చూడు. ఆ తర్వాత ఈత కొలను సీను. నీటి మెరుపులు గోడల మీద, కప్పు మీద ఆడుతుంటాయి, ఎక్కడో గుర్రుమంటుంది, అంతే.

హాస్టల్ నుంచి రాత్రి నడిచి వచ్చిన ఆడపిల్లలందరికీ ఆ నడక తెలుసు. అందుకే నాకు ఈ సినిమా అంత దగ్గర.

---

కార్తీక్_హైదరాబాద్
ఆదివారం, రాత్రి 11:58

అక్కా. బస్సు.

ల్యాప్‌టాప్ ఒళ్ళోంచి జారిపోయింది. ఇంకేం రాయలేను ఇప్పుడు.

---

సముద్రం_విశాఖ
సోమవారం, ఉదయం 6:25

ఇంత మాట్లాడుకుని జపాన్ మాట ఎత్తలేదేమిటి? 'గాడ్జిల్లా' అనగానే పిల్లల బొమ్మ అనుకుంటారు. 1954 నవంబరు 3న వచ్చిన మొదటిది, ఇషిరో హోండా తీసిన అసలు జపనీస్‌ది చూడండి. 1956లో అమెరికన్ నటుణ్ణి మధ్యలో ఇరికించి కత్తిరించింది కాదు.

నేను జాలరిపేటలో పెరిగాను. కాబట్టి నాకు అది మొదట పడవ సినిమా. ఆ ఏడాది మార్చి 1న బికినీ దీవుల దగ్గర అమెరికా హైడ్రోజన్ బాంబు పరీక్షించింది. దూరంగా చేపలు పట్టుకుంటున్న ఒక జపాన్ ట్యూనా పడవ మీద తెల్లటి బూడిద రాలింది. పడవలో 23 మంది. అందరికీ రేడియేషన్ జబ్బు చేసింది, సెప్టెంబరులో రేడియో ఆపరేటర్ చనిపోయాడు. సినిమా మొదలయ్యేది ఎలాగో తెలుసా? సముద్రం మీద పడవ, డెక్ మీద కుర్రాళ్ళు, ఒక్క వెలుగు, మంటలు. ఆఫీసు ముందు తలుపులు బాదుతున్న కుటుంబాలు. తుఫాను రోజుల్లో హార్బర్ దగ్గర అలా నిలబడ్డ ఆడవాళ్ళని నేను చూశాను. చూసిన రోజు మా అమ్మకి ఫోన్ చేశాను.

టోక్యో తగలబడుతుంటే ఒక తల్లి పిల్లల్ని పొదివి పట్టుకుని, 'ఇంకాసేపట్లో నాన్న దగ్గరికి వెళ్ళిపోతాం' అంటుంది. రాక్షసి కన్నా ఆ మాట భయం.

గాడ్జిల్లా అరుపు ఏ జంతువుదీ కాదు. సంగీత దర్శకుడు అకిరా ఇఫుకుబే డబుల్ బాస్ (పెద్ద వయొలిన్ లాంటి వాద్యం) తీగల్ని వదులు చేసి, జిగురు పూసిన తోలు చేతొడుగుతో రుద్ది, ఆ శబ్దాన్ని నెమ్మది చేస్తే వచ్చింది. లోపల మనిషి హరువో నకజీమా. ఊపిరాడని బరువైన రబ్బరు వేషంలో, స్టూడియో లైట్ల కింద.

---

పద్మజ_ఫ్లోరిడా
సోమవారం, ఉదయం 8:05

సముద్రం గారూ, మీ పోస్టు మావారికి చదివి వినిపించాను. ఈ వారాంతం అదే.

---

చైతన్య_కాకినాడ
మంగళవారం, రాత్రి 10:40

నిన్న రాత్రి ఫ్రాంకెన్‌స్టైన్ మళ్ళీ పెట్టాను. ఈసారి అమ్మమ్మ పక్కన కూర్చుంది. ఎనభై ఒకటి. ఇంగ్లీషు రాదు. 'పాతాళ భైరవి' చిన్నప్పుడు నేల టికెట్‌లో చూశానని చెబుతుంటుంది. నలుపు తెలుపు అనగానే 'అయితే నేనూ చూస్తా' అంది. మధ్యమధ్యలో కథ చెబుతూ వచ్చాను, కాసేపటికి 'నువ్వు ఊరుకో, నాకు తెలుస్తోంది' అంది.

చెరువు సీను వచ్చింది. చూడనివాళ్ళ కోసం చెబుతాను. చిన్నపిల్ల మరియా ఒక్కతే ఆడుకుంటుంటుంది. ఆ జీవిని చూసి జడుసుకోదు. చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి కూర్చోబెట్టి, సగం పూలు ఇస్తుంది. ఇద్దరూ ఒక్కొక్క పువ్వూ నీళ్ళలో వేస్తారు, పడవల్లా తేలుతుంటాయి. అతను మొదటిసారి నవ్వుతాడు. పూలు అయిపోతాయి. ఖాళీ చేతులు చూసుకుంటాడు. పిల్లని ఎత్తి నీళ్ళలో వేస్తాడు.

పిల్ల పైకి రాదు. అతను నీళ్ళు తడుముతాడు, చేతులు కొట్టుకుంటూ తూలుకుంటూ పారిపోతాడు.

అమ్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను ఆపేయబోయాను. వద్దంది. కాసేపాగి, 'పువ్వు తేలుతుంది గానీ పిల్ల తేలదని వాడికి ఎవరు చెప్పార్రా?' అంది.

ఇంకెవరూ ఏమీ మాట్లాడలేదు. తండ్రి ఆ పిల్లని చేతుల మీద వేసుకుని పెళ్ళి సంబరం మధ్యలోంచి నడిచి వస్తుంటే, బాజాలు ఒక్కొక్కటే ఆగిపోతుంటే, అమ్మమ్మ 'తల్లి లేదా ఈ పిల్లకి' అని అడిగింది. లేదేమో అన్నాను.

---

సెకండ్ షో
బుధవారం, ఉదయం 5:55

చైతన్యా, అమ్మమ్మ గారికి నా నమస్కారాలు చెప్పు.

ఆ చెరువు సీను దశాబ్దాల పాటు పూర్తిగా ఎవరికీ దొరకలేదు. సెన్సారు వాళ్ళకి భరించరానిదిగా అనిపించి, అతను పిల్ల వైపు చేతులు చాచే చోట కత్తిరించేశారు. దాంతో తర్వాత తండ్రి చేతుల్లో పిల్ల శవం కనిపిస్తే, చూసినవాళ్ళు ఇంకా ఘోరమైనదేదో జరిగిందనుకునేవారు. మా దుప్పటి తెర మీద నేను చూసింది ఆ కత్తిరించిన ప్రింటే. ఆ ముక్క మళ్ళీ కలిపింది 1980లలో. అంటే ఎన్నో ఏళ్ళు నేను ఆ జీవిని హంతకుడనే అనుకున్నాను. మొదటిసారి మొత్తం చూసిన రోజు అతనికి క్షమాపణ చెప్పుకోవాలనిపించింది.

---

నల్లపూస
బుధవారం, ఉదయం 9:10

అమ్మమ్మ గారి మాట మా రిహార్సల్ గదిలో రాసి పెట్టుకుంటాను, మీకు అభ్యంతరం లేకపోతే.

---

చైతన్య_కాకినాడ
బుధవారం, రాత్రి 9:20

అలాగే రాసుకోండి అక్కా. అమ్మమ్మకి చెబితే, 'నేనేమన్నాను, ఉన్నమాటే అన్నాను' అంది.

ఇవాళ భోజనాలయ్యాక తనే అడిగింది, వాడి రెండో బొమ్మ ఉందన్నావు కదా అని. గుడ్డి తాత సీనుకి ముందు కళ్ళజోడు తుడిచి ఇవ్వాలి. ఇప్పుడే పెడుతున్నాను.